47వ నంబరు ఎక్కడికి పోయింది?



ఈసారి పోస్టు పెద్దదే. తీరిక చూసుకుని చదవండి, చదవకుండా మాత్రం వదిలేయకండి. మన కుర్రాడొకడి మీద పడిన నింద ఇందులో తుడవాల్సి ఉంది.

మొన్న మన హాల్లో కంటి శిబిరం జరిగింది కదా. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి పావుగంట ముందు, సుర్లా రోడ్డు వైపు నుంచి ఒక మామ్మగారు వచ్చి పేరు రాయించుకున్నారు. 47వ నంబరు చీటీ ఇచ్చాం. ఆవిడ చీటీ పట్టుకుని గోడవారగా కుర్చీలో కూర్చున్నారు. 48 పిలిచారు, 49 పిలిచారు, 60 పిలిచారు, 80 దాటింది. 47 మాత్రం బోర్డు మీదా రాలేదు, మైకులోనూ రాలేదు. నాలుగు గంటలకి మనం కుర్చీలు మడతపెడుతుంటే ఆవిడే లేచి, "నా నంబరు ఇంకా రాలేదా బాబూ?" అని అడిగారు. అప్పటికి డాక్టర్లు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నుంచి ఈ గ్రూపులో వచ్చిన మాటలు అందరూ చూశారు. రెండో టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు చెప్పాపెట్టకుండా ప్రోగ్రాము మూసేసి భోజనానికి పోయాడనీ, వాడి నిర్లక్ష్యం వల్లే ముసలావిడ మూడు గంటల పైన పడిగాపులు పడిందనీ రాశారు. కొంతమంది ఈ కాలం పిల్లల మీద పెద్ద ఉపన్యాసాలే ఇచ్చారు. ఆ అబ్బాయి ఒక్క ముక్క జవాబు రాయలేదు. మర్నాడు చూస్తే గ్రూపులోంచే వెళ్ళిపోయాడు.

తప్పు ఆ అబ్బాయిది కాదండీ. నాది. నేను రాసిన ప్రోగ్రాముది. ఎలాగో చెప్తాను.

కొత్త సభ్యుల కోసం నా గురించి రెండు ముక్కలు. మా తాతలది ఈ గంజాం జిల్లాయే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకని మావాళ్ళు పనికోసం మద్రాసు పోయి అక్కడే ఉండిపోయారు. మా నాన్నగారు పెరంబూరులో రైల్వే ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. ఎస్సెస్సెల్సీ దాకా లెక్కలూ సైన్సూ అన్నీ తమిళంలోనే చదివాను. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి. తరవాత రైల్వేలో గుమాస్తాగా చేరి, ఊళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ ఈ నేల మీదకే వచ్చి పడ్డాను.

నా సర్వీసులో ఎక్కువ భాగం రిజర్వేషన్ కిటికీ వెనకాలే గడిచింది. కంప్యూటరు రాకముందు మధ్య స్టేషన్లో రిజర్వేషన్ అంటే ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలీదు. మన స్టేషను కోటా అయిపోతే బండి బయల్దేరే స్టేషనుకి టెలిగ్రాం కొట్టాలి. జవాబు రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు. అంతసేపూ ఆ మనిషిని కిటికీ ముందు నిలబెట్టి ఉంచం కదా. ఫారం తీసుకుని, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, "ఎల్లుండి రండి" అని చెప్పి, వెనకాల మనిషిని పిలుస్తాం. జవాబు వచ్చాక రిజిస్టరు చూసుకుని ఎవరిది వాళ్ళకి ఇస్తాం. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి. 1985లో ఢిల్లీలో మొదలై, 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఇన్ని ఊళ్ళలో ఇన్ని కిటికీల నుంచి ఒకే బండికి ఒకేసారి అడిగితే, లోపల ఎవరు ఎవర్ని ఆపుతున్నారు, ఆపినవాళ్ళని ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు అన్న ప్రశ్న నాకు అప్పట్నుంచీ ఉంది. అడిగితే చెప్పేవాళ్ళు లేరు. రిటైరయ్యాక తీరిక దొరికింది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి అరచేతిలో పట్టే రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూటరు ఒకటి పంపించాడు. అందులో లినక్స్ వేసుకుని, సీ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. అరవై దాటాక నేర్చుకున్న చదువు. నెమ్మదిగానే వచ్చింది.

ఇప్పుడు మన టోకెన్ మిషను సంగతి. మనం కొన్నది ఒక పెట్టె, ఒక బోర్డు, బోర్డు నడిపే ఒక ప్రోగ్రాము. పెట్టె పాడైంది, అమ్మిన దుకాణం ఎత్తేశారు. బోర్డు మాత్రం బాగానే ఉంది. దాని ప్రోగ్రాముకి తెలిసింది ఒక్కటే పని. ఎవరైనా బటన్ నొక్కితే పెట్టెని "తరవాతి నంబరు ఇవ్వు" అని అడుగుతుంది, వచ్చింది చూపిస్తుంది. దాన్ని మార్చడానికి అసలు కోడు మన దగ్గర లేదు. పైగా ఆ పెట్టె ఒక్క టేబుల్‌కే పనిచేసేది. మనకి మూడు టేబుళ్ళు కావాలి. సరే, పెట్టె లేకపోయినా పెట్టె ఉన్నట్టు బోర్డుని నమ్మిద్దాం అనుకున్నాను. అలా నమ్మించేదే డ్రైవరు. డ్రైవరంటే ఇంజను నడిపేవాడు కాదు. పరికరానికీ ప్రోగ్రాముకీ మధ్య నిలబడి మాటలు అందించే గుమాస్తా.

లినక్స్‌లో పరికరం కూడా ఒక ఫైలులాగే కనిపిస్తుంది. ప్రోగ్రాము ఆ ఫైలు తెరిచి "చదువుతాను, ఇవ్వు" అంటుంది. ఇవ్వడానికి ఏమీ లేకపోతే అక్కడే నిద్రపోతుంది. వచ్చాక లేపుతారు. దీన్నే బ్లాక్ అవడం అంటారు. ఇందులో చెడ్డేమీ లేదు. మాటిమాటికీ "వచ్చిందా, వచ్చిందా" అని కిటికీ కొట్టే మనిషి కన్నా, బెంచీ మీద కూర్చుని పిలిస్తే లేచే మనిషి నయం కదా.

మామూలుగా డ్రైవరు కెర్నెల్ లోపల ఉంటుంది. స్టేషన్లో కెర్నెల్ అంటే సిగ్నళ్ళూ పాయింట్లూ చూసే కేబిన్ అనుకోండి. అక్కడ చిన్న పొరపాటు జరిగినా మొత్తం లైను ఆగిపోతుంది. నాలాంటి కొత్తవాణ్ణి కేబిన్‌లో కూర్చోబెట్టకూడదు. బుకింగ్ ఆఫీసులో కూర్చోబెట్టవచ్చు. అక్కడ తప్పు జరిగితే ఒక టికెట్టు పాడవుతుంది గాని బండ్లు గుద్దుకోవు. కెర్నెల్ బయట, మామూలు ప్రోగ్రాములు నడిచే చోటే డ్రైవరు రాసుకునే వీలు లినక్స్‌లో ఉంది. మిక్లోష్ సెరెడి అనే ఆయన చేసిన ఫ్యూజ్ 2005లో 2.6.14 కెర్నెల్‌లో చేరింది. అది ఫైల్ సిస్టముల కోసం. దాని మీదే టెజున్ హియో అనే ఆయన పరికరాల కోసం క్యూజ్ తయారు చేశాడు. అది 2009లో 2.6.31లో చేరింది. ఆయనకి వచ్చిన అవసరం సౌండు గురించి. పాత ప్రోగ్రాములు పాత పేరున్న సౌండు పరికరాన్నే అడుగుతాయి, వాటిని మార్చలేం. అందుకని బయట ఒక నకిలీ సౌండు పరికరం నిలబెట్టి, అడిగినవాళ్ళందరికీ అదే సమాధానం చెప్పేలా చేశాడు. మన పాత బోర్డు ప్రోగ్రాముదీ సరిగ్గా అదే కష్టం. "నాన్నా, ఇంత తిప్పలెందుకు, సాకెట్లతో అయిపోతుంది" అన్నాడు మా అబ్బాయి. బోర్డు ప్రోగ్రాము మన చేతిలో ఉంటే అయిపోయేదే. లేదు కాబట్టి ఇది.

అలా "టోకెన్" అనే పేరుతో ఒక పరికరం తయారైంది. రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చున్నవాళ్ళు నంబరు కొడితే అందులో రాయబడుతుంది. మూడు టేబుళ్ళ బోర్డు ప్రోగ్రాములూ అందులోంచి చదువుతాయి. ఒక్కో నంబరు ఒక్కో టేబుల్‌కే, వచ్చిన వరసలో వెళ్ళాలి. వినడానికి ఇంతే.

మొదటిసారి ఎలా రాశానంటే, డ్రైవరుకి ఒక్క గుమాస్తానే పెట్టాను. ఒకటో టేబుల్ వచ్చి నంబరు అడిగింది. పేషెంట్లు ఎవరూ లేరు. నా గుమాస్తా "ఎవరైనా వచ్చేదాకా ఆగుతాను" అని అక్కడే నిద్రపోయాడు. తరవాత రిజిస్ట్రేషన్ వాళ్ళు నంబరు రాయబోయారు. తీసుకోవాల్సింది ఎవరు? ఆ నిద్రపోతున్న గుమాస్తానే. టెలిగ్రాం తెచ్చే కుర్రాడు కూడా అదే క్యూలో వెనకాల నిలబడ్డట్టు. కిటికీ దగ్గర మనిషికి టెలిగ్రాం వస్తేగాని కదిలే వీల్లేదు, ఆ మనిషి కదిలితేగాని టెలిగ్రాం కిటికీకి చేరదు. మొత్తం బిగుసుకుపోయింది. పిచ్చి తప్పే. కానీ ఈ పనిలో దిగిన ప్రతివాడూ ముందు చేసే తప్పు ఇదేనని తరవాత తెలిసింది.

ఎక్కువమంది గుమాస్తాలని పెట్టుకోవడం ఒక దారి. ఒక్కో అడిగేవాడికి ఒక్కో త్రెడ్ అన్నమాట. మూడు టేబుళ్ళకి అది చాలు. కాని గుమాస్తాలకి ఎక్కడో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కకి సరిపడా జనం వచ్చి నిలబడితే అందరు గుమాస్తాలూ నిద్రలో ఉంటారు, నంబరు తెచ్చినవాణ్ణి పలకరించేవాడు ఉండడు. అదే ముడి, కాస్త ఆలస్యంగా పడుతుంది.

అప్పుడు మన పాత టెలిగ్రాం రోజులు గుర్తొచ్చాయి. ఫారం తీసుకో, రిజిస్టరులో ఎక్కించు, తరవాతి మనిషిని పిలువు. క్యూజ్‌లో సరిగ్గా దీనికి వీలుంది. కెర్నెల్ నుంచి వచ్చే ప్రతి అర్జీకీ ఒక చీటీ ఉంటుంది. ఆ చీటీకి అప్పటికప్పుడు జవాబు చెప్పాలని లేదు. దాచుకుని, వెనక్కి తిరిగి వేరే పని చూసుకుని, నంబరు దొరికినప్పుడు ఆ చీటీ మీద జవాబు పంపవచ్చు. అడిగిన ప్రోగ్రాము అంతసేపూ హాయిగా నిద్రపోతూ ఉంటుంది. గుమాస్తా మాత్రం నిద్రపోడు.

అందుకని రెండు జాబితాలు పెట్టాను. ఒకటి ఖాళీగా ఉండి ఎదురుచూస్తున్న టేబుళ్ళది, రెండోది పేరు రాయించుకుని ఎదురుచూస్తున్న పేషెంట్లది. టేబుల్ అడిగినప్పుడు పేషెంటు ఉంటే వెంటనే జవాబు, లేకపోతే చీటీ మొదటి జాబితాలోకి. పేషెంటు వచ్చినప్పుడు టేబుల్ కాచుకుని ఉంటే వెంటనే ఆ చీటీకి జవాబు, లేకపోతే నంబరు రెండో జాబితాలోకి. "ఆగలేను, ఉంటే ఇవ్వు లేకపోతే లేదను" అని ముందే చెప్పి అడిగేవాళ్ళుంటారు. వాళ్ళకి "ఇప్పుడు లేదు, మళ్ళీ అడుగు" అని వెంటనే చెప్పెయ్యాలి. లేదు అన్నది కూడా జవాబే.

ఇక్కడ పాటించాల్సింది ప్రతి చీటీకీ జవాబు ఒక్కటే అన్న సంగతి. అసలు ఇవ్వకపోతే ఆ ప్రోగ్రాము ఎప్పటికీ లేవదు. రెండుసార్లు ఇస్తే, చింపి పారేసిన చీటీ మీద రాసినట్టవుతుంది, డ్రైవరే కూలిపోతుంది. ఇంట్లో మా ఆవిడ రిజిస్ట్రేషన్, మనవడు ఒక టేబుల్, నేను రెండు టేబుళ్ళుగా కూర్చుని 200 నంబర్లు పిలిచి చూశాం. ఒక్కటీ తప్పలేదు. సంతోషించాను. ఎదురుచూస్తున్నవాడు మధ్యలో లేచి వెళ్ళిపోతే ఏమవుతుందన్న పరీక్ష మాత్రం చెయ్యలేదు. ముప్పయ్యేళ్ళ పైన కిటికీ వెనకాల కూర్చున్న నాకు అది తట్టకపోవడం సిగ్గుపడాల్సిన విషయం.

శిబిరం అయిన మూడో రోజు నేను ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారు టీ ఇచ్చారు గాని మొహంలో కళ లేదు. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా చెప్పాడు. "తాతగారూ, మీరు చెప్పినట్టే కంట్రోల్-సీ నొక్కాను. అది మూసుకోలేదు. మూడు నాలుగుసార్లు నొక్కాను. పట్టేసిందేమో అనుకుని అలా వదిలేసి అన్నానికి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే దానంతటదే మూసుకుని ఉంది. నేను మళ్ళీ తెరిచాను. 52 వచ్చింది, పిలిచాను."

నా గుండె గుభేలుమంది. ఎందుకంటే "దానంతటదే మూసుకుంది" అన్న మాటలోనే సమాధానం ఉంది.

ఆ రాత్రి ఇంట్లో అదంతా మళ్ళీ చేసి చూశాను. జరిగింది ఇదీ. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక రద్దీ తగ్గింది, పేషెంట్లు లేరు. రెండో టేబుల్ నంబరు అడిగి నిద్రలో ఉంది. దాని చీటీ నా జాబితాలో మొదట ఉంది. అబ్బాయి కంట్రోల్-సీ నొక్కాడు. కెర్నెల్ ఆ ప్రోగ్రాముని అప్పటికప్పుడు చంపలేదు. ఎందుకంటే దాని అర్జీ అప్పటికే నా డ్రైవరు చేతికి వెళ్ళిపోయింది. చేతికిచ్చిన ఫారాన్ని కెర్నెల్ వెనక్కి లాక్కోదు. దానికి బదులు నా డ్రైవరుకి ఒక కబురు పంపుతుంది, "ఈ చీటీవాడు వెళ్ళిపోతానంటున్నాడు, తేల్చి పంపించు" అని. దీన్ని ఇంటరప్ట్ అంటారు. ఆ కబురు వినడానికి నేను ఎవర్నీ పెట్టలేదు. కబురు వచ్చింది, వినేవాడు లేక పోయింది. అందుకే ఎన్నిసార్లు నొక్కినా ప్రోగ్రాము మూసుకోలేదు. ఎంత గట్టిగా చంపమన్నా చావదు, చీటీకి జవాబు వచ్చేదాకా అలాగే ఉంటుంది.

అప్పుడు మామ్మగారు వచ్చారు. 47 రాశారు. నా డ్రైవరు జాబితాలో మొదటి చీటీ తీసి, దాని మీద 47 అని రాసి పంపింది. జవాబు అందగానే కెర్నెల్ ఆ ప్రోగ్రాముని లేపింది. లేచీ లేవగానే దానికి ముందే రాసిపెట్టి ఉన్న చావు వచ్చింది. చేతిలో 47 పట్టుకుని పోయింది. బోర్డు మీద వేసే అవకాశమే లేదు. డ్రైవరు లెక్కలో మాత్రం 47 "ఇచ్చేశాం". అబ్బాయి తిరిగొచ్చేసరికి ప్రోగ్రాము మూసుకుని కనిపించింది.

కాబట్టి పెద్దలందరికీ మనవి. ఆ అబ్బాయి నేను చెప్పిన పద్ధతి తూచా తప్పకుండా పాటించాడు. మూసుకోకపోతే ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. చెప్పాల్సిన నేనూ, పట్టించుకోవాల్సిన నా ప్రోగ్రామూ ఇద్దరం విఫలమయ్యాం. గ్రూపులో రాసినవాళ్ళు ఆ మాటలు నా పేరు మీదకి మార్చుకోండి.

సరిదిద్దడానికి పట్టింది పదిహేను లైన్లు. ప్రతి చీటీ దాచుకునేటప్పుడు, "వీడు వెళ్ళిపోతానంటే ఈ పని చెయ్యి" అని ఒక ఏర్పాటు రాసిపెట్టాలి. ఆ పని ఏమిటంటే, చీటీని జాబితాలోంచి తీసి, "ఆపేశాం" అన్న జవాబు పంపడం. ఇందులో ఒక కిటుకుంది, ఇలాంటివి రాసే పిల్లల కోసం చెప్తున్నాను. ఆ ఏర్పాటు పెట్టే క్షణానికే వెళ్ళిపోతానన్న కబురు వచ్చి ఉంటే, లైబ్రరీ మీ పనిని అక్కడికక్కడే పిలిచేస్తుంది. అప్పుడు మీ జాబితా తాళం మీ చేతిలోనే ఉంటే, ఆ పని కూడా అదే తాళం కోసం ఆగి, మీరు మీకోసమే ఎదురుచూస్తూ ఉండిపోతారు. నాకు అది పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు టేబుల్ మూస్తే వెంటనే మూసుకుంటోంది. అయినా నాకు తృప్తి కలగలేదు. నంబరు పంపిన క్షణమూ టేబుల్ మూసిన క్షణమూ ఒకటే అయితే? వెళ్ళిపోతానన్న కబురు రాకముందే నేను జవాబు పంపేసి ఉంటే? అప్పుడు కూడా నంబరు పోతుంది, డ్రైవరు ఎంత జాగ్రత్తగా ఉన్నా సరే. అంటే పంపడం వేరు, అందడం వేరు.

దీనికి జవాబు నాకు రైల్వేలోనే దొరికింది. సింగిల్ లైను మీద నీల్స్ బాల్ టోకెన్ మిషన్లు చూసినవాళ్ళు మనలో ఉన్నారు. రెండు స్టేషన్లలో రెండు మిషన్లు, మధ్యలో కరెంటు తీగతో ముడి. ఒక స్టేషన్లో గోళంలాంటి టోకెన్ తీసి బండి డ్రైవరు చేతికిస్తే, అది తిరిగి ఏదో ఒక మిషన్‌లో పడేదాకా ఆ సెక్షనుకి రెండో టోకెన్ బయటికి రాదు. టోకెన్ చేతికిచ్చినంత మాత్రాన "బండి వెళ్ళింది" అని ఎవరూ రాసుకోరు. అవతలి స్టేషన్లో టోకెన్ పడితేనే బ్లాక్ ఖాళీ అయినట్టు. మా రైల్వేలో బ్లాక్ అన్న మాటకి అర్థం కూడా అదే, ఒక బండికి అప్పగించిన దారి.

మన టోకెన్‌కీ అదే పద్ధతి పెట్టాను. టేబుల్‌కి నంబరు ఇచ్చాక, "ఇచ్చేశాం" అని కొట్టెయ్యను. "ఫలానా టేబుల్ చేతిలో ఉంది" అని రాసుకుంటాను. అదే టేబుల్ మళ్ళీ తరవాతి నంబరు అడిగితే, ముందు మనిషి అయిపోయినట్టు లెక్క. అడక్కుండానే ఫైలు మూసేస్తే, అది ప్రోగ్రాము చచ్చినా సరే, మూసుకున్నట్టు కెర్నెల్ నాకు తప్పకుండా చెప్తుంది. అప్పుడు ఆ నంబరు రిజిస్ట్రేషన్ తెర మీద ఎర్రగా వస్తుంది. "ఈ నంబరుగారిని చూశారా లేదా, కనుక్కోండి" అని. దాన్ని మళ్ళీ దానంతటదే పిలిచేలా చెయ్యలేదు. చూసేసిన మనిషిని రెండోసారి పిలిస్తే గందరగోళం. అక్కడ మనిషే లేచి వెళ్ళి అడగాలి. చివర్లో శిబిరం ముగించేటప్పుడు కూడా, ఎదురుచూస్తున్న టేబుళ్ళన్నిటికీ "ఇక ఎవరూ లేరు" అని చెప్పాకే డ్రైవరు ఆగుతుంది.

మామ్మగారి సంగతి. మన సభ్యులిద్దరు ఆ వారంలోనే ఆవిణ్ణి దగ్గరుండి కంటి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళారు. కుడి కంటికి శుక్లం ముదిరింది, ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఆవిడ చిన్నప్పట్నుంచీ పట్టు మగ్గాల ఇంట్లో కండెలు చుట్టిన మనిషి. ఆ రోజు నేను వెళ్ళి జరిగింది చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. "ఆ పిల్లాడు నాకు రెండుసార్లు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు నాయనా, వాణ్ణి ఏమీ అనకండి" అన్నారు. మనమెవరం చూడని సంగతి అది. అంతసేపు ఎందుకు ఊరుకున్నారు, ఎవర్నైనా అడగకపోయారా అంటే, "చీటీ ఇచ్చారుగా, పిలుస్తారు కదా అనుకున్నాను" అన్నారు.

ఆ మాట నన్ను వదలడం లేదు. చీటీ ఇచ్చామంటే మాట ఇచ్చినట్టే.

నేను తమిళ బళ్ళో చదివినవాణ్ణి గనుక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఎదురుచూడడాన్ని తమిళంలో కాత్తిరు అంటారు. "కా" అంటే కాపాడు. మన తెలుగులోనూ అంతే కదా, కాచుకుని కూర్చున్నారు అంటాం, దేవుడు కాచాడు అనీ అంటాం. రెండు భాషల్లోనూ కాచుకోవడమూ కాపాడడమూ ఒక్క మాటలోంచే వచ్చాయి. కాచుకున్నవాళ్ళని కాయడమే కిటికీ వెనకాల కూర్చున్నవాడి ఉద్యోగం. మనిషైనా, ప్రోగ్రామైనా.

ఇక పనులు. వచ్చే శిబిరానికి ముందు ఆదివారం పొద్దున్న హాల్లో రిహార్సల్ పెడదాం. ఈసారి వరసగా పిలవడం కాదు, కావాలని పాడుచెయ్యడం పరీక్ష. మధ్యలో ప్రోగ్రాము మూసెయ్యాలి, తీగ పీకాలి, ఒకేసారి ఇద్దరు బటన్ నొక్కాలి. పిల్లలు ఎంతమంది వస్తే అంత మంచిది, చెడగొట్టడంలో మనకన్నా వాళ్ళే నేర్పరులు. ప్రోగ్రాము మొత్తం హాల్లో కంప్యూటరులో పెట్టాను, చదువుకుంటానంటే దగ్గర కూర్చుని చెప్తాను. తెర ఎర్రబడగానే లేచి వెళ్ళి మనిషిని అడగడానికి ఒక పెద్దమనిషి కావాలి. ఎవరూ రాకపోతే నేనే కూర్చుంటాను.

ఆ అబ్బాయిని గ్రూపులోకి మళ్ళీ చేర్చమని అడ్మిన్‌గారిని అడిగాను, చేర్చారు. ఈ పోస్టు వాడు కూడా చదువుతున్నాడు. బాబూ, మీ తాతగారి వయసువాణ్ణి, అయినా అందరి ముందూ అడుగుతున్నాను, క్షమించు. రిహార్సల్‌కి రెండో టేబుల్ నీదే.

సెలవు.